ఈజిప్టు సమాధి గోడల మీద వైన్ బొమ్మలు: రసం వెంట నడుస్తూ చదవడం ఎలా

పాత ఈజిప్టు సమాధిలోని వైన్ తయారీ బొమ్మ ఫోన్‌లో కనబడితే మనలో చాలామంది చేసేది ఒకటే. తొట్టిలో నిలబడి ద్రాక్ష తొక్కుతున్న మనుషుల్ని ఒక క్షణం చూసి, రంగులు భలే ఉన్నాయి అనుకుని, వేలితో పైకి తోసేస్తాం. నేనూ కొన్నేళ్లు అలాగే చూశాను. అదే బొమ్మని పెద్దది చేసి, ద్రాక్ష గుత్తి దగ్గర మొదలుపెట్టి రసం ఎటు పోతోందో దాని వెంటే వెళ్తూ ఒక అరగంట కూర్చుంటే, ఎవరు ఎవరికోసం పనిచేస్తున్నారు, చిత్రకారుడు ఏం చూపించాడు, ఏం వదిలేశాడు అన్నీ బయటపడతాయి. దీనికి చదువులు అక్కర్లేదు. కాస్త ఓపిక, మంచి రిజల్యూషన్ ఉన్న ఫొటో, ఒక పెన్సిల్ చాలు.

ముందు ఏ బొమ్మ తీసుకోవాలి అంటే, నా మాట వినండి, నఖ్త్ సమాధితో మొదలుపెట్టండి. లక్సర్‌లో నైలు నదికి పడమటి ఒడ్డున షేక్ అబ్ద్ ఎల్ ఖుర్నా అనే గుట్ట ఉంది, అక్కడి సమాధులకి పరిశోధకులు నంబర్లు ఇచ్చుకున్నారు, ఇది 52వది. నఖ్త్ రాజేం కాదు. అమున్ దేవుడి గుడిలో వేళలు లెక్కగట్టే ఉద్యోగి, లేఖరి. భార్య తావీ అదే దేవుడి కొలువులో గాయని. కాలం సుమారు క్రీ.పూ. 1400. సమాధి చాలా చిన్నది, ముందు గదికి మాత్రమే రంగులు వేశారు, లోపలి గది గోడలు ఖాళీగానే ఉండిపోయాయి. కానీ ఆ ఒక్క చిన్న గదిలో రంగులు మూడువేల నాలుగువందల ఏళ్ల తర్వాత కూడా ఎంత నిలిచాయంటే, కొత్తగా చూసేవాళ్లకి ఇంతకన్నా సులువైన గోడ దొరకదు.

ఫొటోతో పాటు చేత్తో వేసిన నకలు కూడా పక్కన పెట్టుకోండి. 20వ శతాబ్దం మొదట్లో నార్మన్ డేవిస్, నీనా డేవిస్ దంపతులు, వాళ్లతో పనిచేసిన చిత్రకారులు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం కోసం ఈ సమాధుల్లో కూర్చుని గోడ మీది బొమ్మల్ని ఉన్నది ఉన్నట్టు రంగుల్లో దించారు. పెచ్చు ఊడిన చోట ఊడినట్టే వేశారు. ఆ నకళ్లు మ్యూజియం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫొటోలో నీడ పడ్డచోట, అద్దం మెరిసిన చోట కనబడని గీత నకలులో కనబడుతుంది. నకలులో అనుమానం వస్తే ఫొటో తీర్పు చెబుతుంది. ఈ నకళ్లు ఎంత అవసరమో తెలియాలంటే ఒక్క విషయం చాలు. ఇదే సమాధిలో దొరికిన నఖ్త్ విగ్రహాన్ని న్యూయార్క్ పంపుతుంటే 1915లో ఆ ఓడని జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. విగ్రహం సముద్రం అడుగున ఉండిపోయింది. బొమ్మ మాత్రం గోడ మీదే ఉంది, దాని నకలు మన చేతిలో ఉంది.

ఇప్పుడు బొమ్మ తెరిచాక, తొక్కేవాళ్ల వైపు చూడకండి. ముందు యజమానిని వెతకండి. ఈజిప్టు చిత్రకారుడికి మనిషి ఎంత ముఖ్యమో అంత పెద్దగా వేసే అలవాటు, అందుకే యజమాని దొరకడం కష్టం కాదు. నఖ్త్ గోడ మీద భార్యాభర్తలిద్దరూ ఒక చిన్న మంటపం కింద దర్జాగా కూర్చుని ఉంటారు, వాళ్ల ఎదుట తినే వస్తువులు గుట్టగా పోసి ఉంటాయి, ఆ గుట్టకి అవతల పనివాళ్లు రెండు వరసల్లో చిన్నచిన్నగా ఉంటారు. పై వరసలో ద్రాక్ష పని. కింది వరసలో చిత్తడి నేలలో వల వేసి పక్షుల్ని పట్టడం, ఈకలు పీకడం, కడుపు కోసి శుభ్రం చేయడం. అంటే ఇది ఒక్క వైన్ గురించిన బొమ్మ కాదు, చనిపోయిన దంపతులకి ఎప్పటికీ తిండికీ తాగుడికీ లోటు రాకుండా చేసిన ఏర్పాటు. గోడ మీద పని జరుగుతున్నంత కాలం వాళ్ల ఇంట్లో సరుకు నిండుతూనే ఉంటుందని వాళ్ల నమ్మకం. ఇది మనసులో పెట్టుకుంటే, బొమ్మలో ఒక్క గుత్తి కూడా కుళ్లినది ఎందుకు ఉండదో, ఒక్క కూజా కూడా పగిలి ఎందుకు ఉండదో వేరే చెప్పక్కర్లేదు.

వరసల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గోడని అడ్డగీతలతో పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీలో కథ నడుపుతారు. మన చేర్యాల పటం చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. కానీ ఒక తేడా ఉంది. ఈజిప్టు గోడ మీద కథ ఫలానా వైపు నుంచే మొదలవ్వాలన్న గట్టి నియమం లేదు, ఒక సమాధిలో కుడి నుంచి, ఇంకో సమాధిలో కింద నుంచి. అందుకే నేను ఎప్పుడూ రసాన్ని పట్టుకుంటాను. చెట్టు మీద గుత్తి, బుట్ట, తొట్టి, తూము, కూజా, మూత. ఈ వరస తప్పదు కాబట్టి బొమ్మ ఎటు నుంచి ఎటు నడిచినా మనం దారి తప్పం.

మొదట పందిరి. నఖ్త్ బొమ్మలో ద్రాక్ష తీగ గుండ్రంగా వంగి గొడుగులా కప్పి ఉంటుంది, దాని కింద ఇద్దరు మనుషులు గుత్తులు తెంపుతుంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి తోటలు చూసినవాళ్లకి పందిరి మీద ద్రాక్ష అంటే ఏంటో తెలుసు. తల పైకెత్తితే గుత్తి, చేయి చాస్తే అందుతుంది. ఇక్కడా అంతే, వాళ్లు చేతులతోనే తెంపుతున్నారు, కత్తి ఎక్కడా కనబడదు. చాలా సమాధుల్లో గుత్తిని ఒక కోలగా గీసి, అందులో ముదురు నీలం చుక్కలు నింపుతారు. ఆ నీలం భూమిలో తవ్వి తీసింది కాదు, ఇసుక, సున్నం, రాగి కలిపి కొలిమిలో కాల్చి మనిషి తయారుచేసిన రంగు. మనుషుల ఒంటికి వాడిన ఎరుపు మాత్రం ఎర్రమట్టి. ఆడవాళ్లకి పసుపు వాడతారు కాబట్టి, ఒక్కసారి రంగు చూస్తే ఈ పనిలో ఉన్నవాళ్లంతా మగవాళ్లేనని తెలిసిపోతుంది. ఇది తడి సున్నం మీద వేసే పద్ధతి కూడా కాదు. నైలు మట్టిలో తరిగిన గడ్డి కలిపి గోడ మెత్తి, పైన తెల్ల పూత వేసి, ఆరాక జిగురు కలిపిన రంగుతో వేశారు. అందుకే తేమ తగిలితే, చేయి రాసుకుంటే రాలిపోతుంది. మీరు ఎప్పుడైనా లక్సర్ వెళ్తే గోడకి భుజం కూడా తగలనివ్వకండి.

తర్వాత తొట్టి. ఇక్కడ ఆగండి, ఇక్కడే చూడాల్సింది ఎక్కువ.

తొట్టి పైన ఒక దూలం, దూలం నుంచి తాళ్లు వేలాడుతుంటాయి, తొక్కేవాళ్లు ఆ తాళ్లు పట్టుకుని వంగి ఉంటారు. చాలామంది దీన్ని డాన్స్ అనుకుంటారు. కాదు. నలిగిన ద్రాక్ష తొక్కల మీద నిలబడి చూడండి, కాలు ఎలా జారుతుందో. పట్టుకోడానికి ఏమీ లేకపోతే నిమిషంలో పడతారు. తాడు అందుకు. ఇప్పుడు ఒక్కో మనిషి చేతిని వేరేగా గమనించండి, ఎవరు రెండు చేతులతో పట్టుకున్నారు, ఎవరు ఒక్క చేత్తో పట్టుకుని రెండో చేతిని వదిలేశారు, ఎవరి తల వంగింది. నిలబడ్డ ఆఫీసర్ల బొమ్మల్లో ఈ స్వేచ్ఛ ఉండదు. వాళ్లని ముందే గోడ మీద ఎర్ర గీతలతో గళ్లు కొట్టి, పాదం నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యేదాకా 18 గళ్లలో ఒదిగేలా వేసేవాళ్లు. పనివాళ్ల దగ్గరికి వచ్చేసరికి చిత్రకారుడి చెయ్యి వదులవుతుంది. నాకైతే ఈ గోడల మీద అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, పేరు రాయని మనుషుల వీపుల్లో బరువు కనబడే చోటు.

ఇదే పనిని ఇంకా వెయ్యేళ్లు వెనక్కి వెళ్లి చూడాలంటే కైరో దగ్గరి సక్కారాలో మెరెరుకా అనే మంత్రి సమాధి ఉంది. పాత రాజ్యం అంటే పిరమిడ్లు కట్టిన తొలి కాలం, అందులో 6వ రాజవంశం నాటిది, అక్కడ రంగు బొమ్మ కాదు, రాతి మీద చెక్కినది. అందులో తొక్కేవాళ్లు పైన అడ్డంగా ఉన్న కర్రని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పక్కవాడి నడుము చుట్టూ వేస్తారు. పక్కనే ఇద్దరు మనుషులు చిడతల్లాంటి కర్రలు కొడుతూ కూర్చుని ఉంటారు, వాళ్ల చుట్టూ ఒక కోలగీత గీసి ఉంటుంది. అందరి కాళ్లూ ఒకేసారి లేచి ఒకేసారి పడాలంటే దెబ్బ కావాలి కదా. నాట్లు వేసేటప్పుడు పాట ఎందుకు పాడతారో తెలిసినవాళ్లకి ఈ చిడతలు వినబడతాయి కూడా.

తొట్టి పక్కన తూము వెతకండి. నఖ్త్ బొమ్మలో తూము నుంచి ఎర్రటి రసం చిన్న తొట్టిలోకి పడుతుంటుంది. ఈ ఎరుపు దగ్గర తొందరపడి తీర్పు ఇవ్వకండి. నల్లద్రాక్ష ఇంట్లో నలిపి చూస్తే తెలుస్తుంది, వెంటనే వచ్చే రసం అంత ఎర్రగా ఉండదు, లేత రంగులో ఉంటుంది. ముదురు రంగు తొక్కలో ఉంటుంది, తొక్కతో కలిసి కొంతకాలం నానితేనే, పులిస్తేనే రసంలోకి దిగుతుంది. మరి తూము దగ్గరే అంత ఎరుపు ఎందుకు? తొట్టిలో ఉండగానే పులియడం మొదలై ఉండొచ్చు, లేదా చూసేవాళ్లకి ఇది వైన్ అని అర్థం కావడానికి చిత్రకారుడు ఎరుపు వేసి ఉండొచ్చు. పులిసేది తొట్టిలోనా కూజాలోనా అన్నదాని మీద పరిశోధకుల్లో రెండు మాటలూ ఉన్నాయి. బొమ్మ ఒక్కటే చూసి ఈజిప్టువాళ్లు ఎర్ర వైన్ మాత్రమే తాగారు అని రాసేయడం మాత్రం తప్పు. తూతన్‌ఖామున్ అనే రాజు సమాధిలో దొరికిన కూజాల అడుగున మిగిలిన మడ్డిని బార్సెలోనా విశ్వవిద్యాలయం పరిశోధకులు పరీక్షించారు. 2004లో ఎర్ర వైన్ ఆనవాళ్లు, తర్వాత 2006లో తెల్ల వైన్ ఆనవాళ్లు కూడా బయటపెట్టారు. తెల్ల వైన్ ఉండేది, గోడ మీదకి మాత్రం ఎరుపే ఎక్కింది.

తొక్కాక మిగిలిన పిప్పి ఏమైంది? ఈ ప్రశ్న వేసుకుంటే మీరు బొమ్మని సరిగ్గా చదువుతున్నట్టే. నఖ్త్ గోడ మీద దీనికి జవాబు దొరకదు, నఖ్త్ బతికిన కొత్త రాజ్యం కాలపు థీబ్స్ (ఇప్పటి లక్సర్) సమాధుల్లో ఆ పని అరుదుగానే వేశారు. పాత రాజ్యం సమాధుల్లో చూడాలి. పిప్పిని గుడ్డ సంచిలో వేసి, సంచి రెండు చివర్లా కర్రలు దూర్చి, ఒక కర్రని ఇటు, ఇంకో కర్రని అటు తిప్పుతారు, తడిగుడ్డని మెలిపెట్టి పిండినట్టు. సంచి మెలి తిరిగేకొద్దీ పొట్టిదవుతుంది, కర్రలు దగ్గరికి లాగేసుకుంటాయి. అవి కలవకుండా ఒక మనిషి మధ్యలో దూరి, చేతులతో ఒక కర్రని, కాళ్లతో ఇంకో కర్రని నెడుతూ అడ్డంగా చాచుకుని ఉంటాడు. బొమ్మలో అతను సంచి పైన గాలిలో పడుకున్నట్టు కనబడతాడు. నిజంగా అంత ఎత్తున ఉండేవాడా, లేక సంచి వెనక ఉన్నవాడిని దాచకుండా చూపించడానికి పైకి జరిపి వేశారా అని ఆలోచించండి. ఈజిప్టు చిత్రకారుడికి ఒకదాని వెనక ఒకటి దాగిపోవడం ఇష్టం ఉండదు, వెనకది పైన వేసేస్తాడు. ఆ తర్వాత, పాత కొత్త రాజ్యాలకి నడుమ వచ్చిన మధ్య రాజ్యం కాలానికి, బెనీ హసన్ అనే చోటి సమాధుల్లో చూస్తే ఈ మనిషి మాయమైపోతాడు, సంచిని ఒక చట్రానికి బిగించేశారు, ఒక చివర తిప్పితే చాలు. అప్పటిదాకా ఒక మనిషి ఒళ్లు పడ్డ శ్రమని నాలుగు కర్రలు తీసుకున్నాయి. ఒకే పని రెండు కాలాల్లో పక్కపక్కన పెట్టి చూస్తే దొరికేది ఇదే.

ఈ పిండే సంచికి ఒక దేవుడు కూడా ఉన్నాడు, పేరు షెజ్ము. ఆయన పేరు రాసేటప్పుడు ఈ సంచి బొమ్మే గుర్తుగా వేస్తారు. పిరమిడ్ గోడల మీది మంత్రాల్లో ఆయనే రాజుకి ద్రాక్ష రసం తెచ్చి ఇస్తాడు, ఆయనే ఇంకోచోట రాజు తినడానికి దేవుళ్లనే కోసి వండుతాడు. ఎర్ర రసానికీ రక్తానికీ వాళ్ల ఊహలో ఎంత దగ్గరో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. పంటకి వేరే తల్లి ఉంది, రెనెనూతెత్, నాగుపాము రూపం. కొన్ని సమాధుల్లో ద్రాక్ష పని పక్కనే పడగ ఎత్తిన పాముకి నైవేద్యం పెట్టి ఉంటుంది. చిన్నది కాబట్టి మిస్సవుతాం. తొట్టి చుట్టుపక్కల ఒకసారి జూమ్ చేసి వెతకండి.

ఇక కూజాలు. రెండు చెవులుండి, కిందికి సన్నబడే పొడుగు కూజాలు. నఖ్త్ బొమ్మలో తొట్టి పైన నాలుగు వరసగా కనబడతాయి. అవి గాలిలో వేలాడుతున్నట్టు అనిపిస్తే కంగారు పడకండి, పక్కనో వెనకో ఉన్నవాటిని పైన వేశారు, ఇందాకటి లెక్కే. ప్రతి కూజా మూతి దగ్గర ఆగండి. పులియడం అనేది కంటికి కనబడే పని కాదు, దాన్ని బొమ్మ వేయడం కుదరదు. కూజా మూతి మాత్రం చెబుతుంది. తెరిచి ఉంటే పని ఇంకా నడుస్తోంది, మట్టి ముద్ద పెట్టి మూసేస్తే అయిపోయింది. నిజం కూజాల్లో రెల్లు, ఆకులు, పెంకు ముక్క పెట్టి పైన బంకమట్టి మెత్తి ముద్ర కొట్టేవాళ్లు. లోపల పులియడం ఆగకముందే బిగించేస్తే కూజా పగిలిపోతుంది కాబట్టి గాలి పోవడానికి చిన్న కంత వదిలి, తర్వాత దాన్ని పూడ్చేవాళ్లు. ఇంట్లో ఆవకాయ జాడీకి గుడ్డ కట్టడం ఎప్పుడు, గట్టిగా మూత పెట్టడం ఎప్పుడు అని తెలిసిన వాళ్లకి ఈ టెన్షన్ అర్థమవుతుంది.

గోడ మీది కూజాల మీద రాత ఉండకపోవచ్చు, నిజం కూజాల మీద ఉండేది. 1922లో హోవార్డ్ కార్టర్ తెరిచిన తూతన్‌ఖామున్ సమాధిలో 26 వైన్ కూజాల మీద సిరాతో రాసిన వివరాలున్నాయి: రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు, ఏ ఎస్టేట్, ఏ ప్రాంతం, తోట పెద్ద ఎవరు. ఎక్కువ కూజాల మీద 4, 5, 9 సంవత్సరాలు కనబడతాయి. 'పడమటి నది' అని చాలాసార్లు వస్తుంది, అంటే నైలు డెల్టాలో పడమటి పాయ. వైన్ రంగు మాత్రం ఎక్కడా రాయలేదు. మనుషుల పేర్లు రాశారు. సమాధి గోడ మీద పేరు లేని తోటమాలికి, కూజా భుజం మీద పేరు దొరికింది. ఇంకో మాట, మంచి ద్రాక్ష తోటలు ఎక్కువగా ఉత్తరాన డెల్టాలోనూ, పడమటి ఒయాసిస్సుల్లోనూ ఉండేవి. నఖ్త్ లాంటివాళ్ల సమాధులు దక్షిణాన థీబ్స్‌లో ఉన్నాయి. మధ్యలో నది ఉంది. కాబట్టి బొమ్మలో పడవ కనబడితే అది అలంకారం అనుకోకండి. ఖేమ్‌వాసెత్ సమాధిలో, నంబర్ 261, కూజాలు నింపడం దగ్గర నుంచి పడవలో చేరవేయడం దాకా వేశారు.

బొమ్మలో రాత కనబడితే వైన్ అనే మాట మీరే వెతకొచ్చు, చాలా సులువు. 'ఇర్ప్' అంటారు. నిలబడ్డ రెల్లు ఆకు, దాని తర్వాత నోరు ఆకారం అంటే రెండు కొసలూ సన్నగా ఉండే కన్నులాంటి గీత, ఆ తర్వాత చిన్న చతురస్రం, చివర కూజాల బొమ్మ. రాతలో పక్షులు, మనుషులు ఎటు ముఖం పెట్టి చూస్తుంటే అటు నుంచి చదవడం మొదలుపెట్టాలి. మొదటిసారి ఆ మాట నేనే పట్టుకున్న రోజు ఫోన్ తిప్పి ఇంట్లో అందరికీ చూపించాను.

ఇంతా చూశాక పెన్సిల్ తీసుకోండి. పల్చటి కాగితం స్క్రీన్ మీద పెట్టి, రసం వెళ్లే దారిని మాత్రమే గీయండి, మనుషుల్ని వదిలేసి. గుత్తి, బుట్ట, తొట్టి, తూము, కూజా, మూత. ఎక్కడ దారి తెగిందో అక్కడ ఒక చుక్క పెట్టండి. నఖ్త్ బొమ్మలో తొట్టి నుంచి మూతపెట్టిన కూజాకి మధ్య తెగుతుంది, రసం కూజాలోకి ఎలా పోశారో ఉండదు. ఖేమ్‌వాసెత్ సమాధిలో ఆ ముక్క దొరుకుతుంది. తర్వాత రెండో కాగితం మీద మనుషుల చేతులు మాత్రం గీయండి. చేతులు గీస్తుంటే ఎవరు బరువు మోస్తున్నారో మీ వేళ్లకే తెలుస్తుంది. రెండు మూడు సమాధులకి ఇలా చేసి పక్కపక్కన పెట్టుకుంటే, ఏది అందరూ వేసే మామూలు బొమ్మ, ఏది ఆ ఒక్క చిత్రకారుడు కళ్లారా చూసి వేసింది అన్నది విడిపోతుంది.

చివరగా ఒక చోటు చూడండి, అక్కడ తొక్కడం లేదు, కూజాల లెక్క లేదు. నఖ్త్ ఉన్న గుట్టలోనే సెన్నెఫెర్ సమాధి, నంబర్ 96. సెన్నెఫెర్ రెండో అమెన్‌హోతెప్ రాజు కాలంలో థీబ్స్ నగర పెద్ద. కిందికి దిగే గదిలో పైకప్పు రాయిని చదును చేయకుండా ఎగుడుదిగుడుగా వదిలి, దాని మీద తీగలు, ఆకులు, నల్లటి గుత్తులు వేశారు. గుబ్బ వచ్చినచోట గుత్తి కిందికి వేలాడుతుంది, పల్లం వచ్చినచోట ఆకు వెనక్కి పోతుంది. ఫొటోని పైకప్పు వైపు నుంచి తెరిచి, ఫోన్‌ని తల మీదకి ఎత్తి చూడండి, పందిరి కింద నిలబడ్డట్టే.